ఎర్ర గుర్తు

నలభై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. క్రమశిక్షణ గురించి వందలమందికి బోధించిన నోరు ఈ ఒక్క మాట దగ్గర మూతపడేది. మీకు చెబుతున్నాను.

డెబ్బైల చివర వరంగల్లులో ఒక చిన్న ప్రయోగశాల నా అధీనంలో ఉండేది. సముద్రపు లోతును ధ్వనితో కొలిచే సోనార్ పరికరాన్ని ఒక సర్వే ఓడ అడుగున ఎక్కడ బిగించాలో తేల్చే పని మాకు వచ్చింది. ఓడ ముక్కు దగ్గర పుట్టే గాలిబుడగలు పరికరం కిందికి చేరితే అది ప్రతిధ్వని వినలేదు. బుడగలు తాకని చోటు కావాలి.

ఆ ఊరి కాశిబుగ్గ పేటలో నేత కుటుంబంలో పుట్టిన మొగిలయ్య మా పనివాడు. టేకుతో ఓడ నమూనా చెక్కాడు. ప్రతి కొలతా నేనే సరిచూసి సంతకం చేశాను. నీటి తొట్టిలో పరీక్షించి, ముందుభాగంలో ఒకచోట ఎర్రగా గుర్తు పెట్టాను. నివేదిక రాసేశాను.

మరునాడు అతను నమూనా ముక్కు పైకెత్తి బిగించి, నీళ్ళు వదిలాడు.

“సార్, జర ఇటు చూడుండ్రి. బుడగలన్నీ మీ ఎర్ర గుర్తు కాడికే ఉరుకుతానయ్.”

“అలా ఎత్తమని ఎవరన్నారు? సమంగా ఉంచాలని రాశాను కదా?”

“రాసిండ్రు సార్. ఆ కాయితం సముద్రానికి సుత పంపుండ్రి మరి. అది మన తొట్టి లెక్క గమ్మునుంటదా?”

అక్కడే ఉన్న నా సహాయకులిద్దరూ నవ్వారు.

“చెక్కడం నీ పని. తేల్చడం నాది.”

అతను చూపినది నేను చూశాను. స్పష్టంగా చూశాను. కానీ ఆ నవ్వు వినబడ్డాక నివేదికలో ఒక్క అక్షరం మార్చలేదు.

ఓడ సముద్రంలోకి వెళ్ళాక సర్వేవాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. అలలు లేచినప్పుడల్లా పరికరం పనిచేయడం లేదు, కారణం తెలపండి. ఒక ఉదయమంతా ఆ కాగితం ముందు కూర్చున్నాను. నిజం చెప్పడానికి ఒక వాక్యం చాలు. నేను రాసిన వాక్యం వేరు: “నమూనా చెక్కడంలో పనివాని లోపం.”

మొగిలయ్యను పనిలోంచి తీసేశారు. వెళ్ళేరోజు అతను నమూనాను నా బల్లమీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి, తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను కొలవలేదు. ఎందుకు? లోపం దొరకదని తెలుసు కాబట్టి. కాజీపేటలో బండెక్కి కుటుంబంతో మహారాష్ట్రలోని భివండి మగ్గాలకు పోయాడని తరువాత విన్నాను. వెతికానా? లేదు. వెతకకపోవడానికి ఎన్ని మర్యాదైన కారణాలు కూర్చుకున్నానో నాకే తెలుసు.

ఆ నమూనా ఇప్పుడు నా ఇంట్లో ఉంది. నిన్న దించి, స్కేలు పట్టి కొలిచాను. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. క్షమించగలవాడు ఎదుట లేడు. ఉన్నా అడిగే అర్హత నాకు లేదు.

ఎర్ర గుర్తు చెరగలేదు. అది పెట్టింది నేను.