రీలు లేని ఫోటో

తొంభై ఒకటిలో జూబ్లీ హిల్స్ నిర్మాత ఒకాయన, హీరోని చేయబోతున్న కొడుకుకి ఫోటోలు తీయమని ఫోటోగ్రాఫరు వీరరాఘవయ్యను పిలిచాడు. మొదటి ఫోటోకే అతని చవక ఫ్లాష్ లైటు ఢామ్మని పేలింది. "ఐరన్ లెగ్గు వెధవా!" అని నిర్మాత నలుగురిలో గెంటించాడు. సినిమా ఆగింది కొడుక్కి నటన రాక. పేరు మాత్రం వీరరాఘవయ్యకు అంటుకుంది.

కొత్త లైట్లు కొనే స్తోమత లేదు. ఫిల్మ్‌నగర్ గదిలో ఆ పాతవే కుయ్యిమంటూ చార్జి ఎక్కుతుంటే, మళ్ళీ ఎక్కడ పేలతాయోనని అతని భయం. అందుకే మొదటిసారి ఖాళీ కెమెరాతో నొక్కి, లైటు క్షేమంగా వెలిగాకే గుట్టుగా రీలు వేసేవాడు.

కాకినాడ నుంచి వేషాల కోసం వచ్చిన హైమని కూర్చోబెట్టి, "మొదటాటకి టికెట్టు దొరికినట్టు నవ్వమ్మా" అన్నాడు.

"దొరక్క మా బావ ఏడ్చినట్టు ఏడవనా?" అంటూ తనే పకపకా నవ్వింది. అప్పుడే నొక్కాడు. రీలు వేశాక ముప్పై ఆరుసార్లు తీసినా ఆ నవ్వు మళ్ళీ రాలేదు.

వారానికి హైమ వచ్చి ఫోటోలన్నీ తిరగేసింది. "ఆ నవ్విందేదీ బాబాయిగారూ? రేపు డైరెక్టరుగారికి అదే చూపిద్దామనుకున్నాను."

వాళ్ళు కలుసుకోవడం అదే ఆఖరు. వీరరాఘవయ్య ఓసారి వాకిలి వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"అప్పుడు కెమెరాలో రీలు లేదమ్మా. లైటు పేలుతుందేమోనని భయం. ఎవరితోనూ అనకు, నీకు పుణ్యముంటుంది."