చివరి పేజీ ముందు చూసే మనిషి

పుస్తకం చేతికిస్తే ఆమె మొదటి పేజీ తెరిచేది కాదు. వెనక నుంచి తిప్పి, చివరి పేజీ నిలబడే చదివేసి, మూసి నా బల్ల మీద పెట్టేసేది.

"ఇందుల గూడ సచ్చిపోయిందక్కా. ఇంకోటియ్యి."

నాకు ఒళ్ళు మండేది. అద్దె పుస్తకాల షాపు నడుపుతున్నదాన్ని, ముగింపు షాపులోనే చదివేసేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ పడదు. "ముగింపు తెలిశాక ఇక చదివేదేముందమ్మా?" అన్నాను ఒకరోజు. మాది కర్నూలు, మామూలుగా అడిగినా తిట్టినట్టే ఉంటుంది. ఆమె ఏమీ అనుకోలేదు. "ఎట్లయితదో తెలిస్తేనే నాకు చదవబుద్ధయితది. బత్కుతదని తెలిస్తే నడుమ ఎన్ని దెబ్బలున్నా చదువుత" అంది.

అప్పుడు చూశాను ఆమెని సరిగ్గా. పాతికేళ్ళు దాటి ఉండవు. మాట్లాడేటప్పుడు తల పక్కకి తిప్పి కుడిచెవి మనవైపు పెడుతుంది. ఎడమ చెవి వినపడదు. మొగుడి చేతి చలవ.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్ దగ్గర గుట్టలు పేల్చి కంప్యూటర్ల కోసం గుండ్రటి పెద్ద బిల్డింగు కట్టారు. ఆ బిల్డింగు పుణ్యమా అని కూకట్‌పల్లిలో మా కాలనీ వాళ్ళంతా మేడమీద ఇంకో గది వేయించడం మొదలుపెట్టారు. ఎక్కడ చూసినా ఇసక కుప్పలు, కంకర. పొద్దున షాపు తీస్తే పుస్తకాల మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము. ఈమె ఆ బిల్డింగులోనే నేల తుడిచే పని చేసేది. హౌస్‌కీపింగ్ అనేది ఆ ఉద్యోగాన్ని, కొంచెం గర్వంగా. తెల్లవారుజామున సెవెన్ సీటర్ ఆటోలో పోయి మధ్యాహ్నానికి వచ్చేసేది. నిజాంపేటలో చిన్నమ్మ కొడుకు ఇంట్లో ఉంటూ, ఆ ఇంటికి పోవడానికి కాళ్ళు రాక, నా షాపు ముందు బెంచీ మీద కూర్చునేది.

మా షాపులో బాగా తిరిగేవి ఎవరికో ఒకరికి అన్యాయం జరిగిన పుస్తకాలే. అత్తారింట్లో మాడిన కోడళ్ళు, మోసపోయిన పనిపిల్లలు, చెయ్యని నేరానికి స్టేషన్లో దెబ్బలు తిన్నవాళ్ళు. వారపత్రికల్లో వచ్చే సీరియల్ కాగితాలు చింపి నేనే కుట్టి, అట్ట వేసి పెట్టేదాన్ని. వాటికోసం కాలనీ ఆడవాళ్ళు కొట్టుకునేవాళ్ళు. ఏడ్చినచోట కాగితం ఉబ్బి ఉండేది. మార్జిన్లలో రాతలు వేరే. "వీణ్ణి నడిబజార్లో చెప్పుతో కొట్టాలి" అని ఒకరు రాస్తే, కింద ఇంకొకరు "ఒక చెప్పు చాలదు" అని రాసేవాళ్ళు. రాయొద్దని బోర్డు పెట్టాను. ఆ బోర్డు మీద కూడా రాశారు.

ఏడ్చేవాళ్ళలో అందరికన్నా పెద్దావిడ మా ఓనరమ్మ. ఆవిడ ఇంటి ముందు గదిలోనే నా షాపు. పిన్నిగారూ అని పిలిచేదాన్ని. భీమవరం వైపు మనిషి, భర్త పోయాడు, పిల్లల్లేరు, మనసు వెన్న. పుస్తకంలో ఎవరైనా పోతే ఆ రోజు ఆవిడకి అన్నం సయించదు. అలాంటావిడకి కంట్లో పొర వచ్చి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టి, చదవకూడదన్నాడు డాక్టరు. చదివితే చదివింది గానీ అస్సలు ఏడవకూడదన్నాడు.

"ఏడవకుండా ఉండే పుస్తకమేదైనా ఉందేమో చూడమ్మా, ఎవరిచేతన్నా చదివించుకుంటాను" అంది పిన్నిగారు.

అలా వీళ్ళిద్దరికీ ఒకే పుస్తకం కావలసి వచ్చిందన్నమాట. ఒకామెకి డాక్టరు చెప్పాడు, ఒకామెకి బతుకు చెప్పింది. సరే, అదెంత పని అనుకుని అలమారాలన్నీ దులిపాను. నిజం చెప్తున్నాను, దొరకలేదు. దెబ్బలు తిన్న ఆడది ఆఖరికి ఉరేసుకుంటుంది, లేదా పిచ్చిదవుతుంది, లేదా మొగుడు మారిపోయి కాళ్ళు పట్టుకుంటే క్షమించేస్తుంది. ఎక్కడో ఓ గది తీసుకుని, పప్పు పొయ్యి మీద పెట్టి, కిటికీ దగ్గర కూర్చున్నట్టు ఒక్క పుస్తకంలో ఉంటే ఒట్టు! ఇన్నేళ్ళు ఇవే అద్దెకిచ్చాను, నాకెప్పుడూ తోచనే లేదు.

ఇక్కడ ఆమె సంగతి చెప్పాలి. మెదక్ పక్క పల్లె. మూడుసార్లు మొగుణ్ణి వదిలి తల్లిగారింటికి పోయింది. మూడుసార్లూ తల్లి బొట్టు పెట్టి, ఒడిబియ్యం పోసి, "సర్దుకో బిడ్డా" అని వెనక్కి పంపింది. నాలుగోసారి తల్లి దగ్గరికి పోకుండా హైదరాబాద్ బస్సెక్కింది. ఇప్పుడా చిన్నమ్మ కొడుకు, బతుకమ్మ పండగకి తానే తీసుకుపోయి మొగుడికి అప్పజెప్తానంటున్నాడు. ఆలోగా ఎక్కడైనా కిరాయికి గది దొరకాలి. దొరక్కపోతే మళ్ళీ ఆ మొగుడింటికే.

"ఈసారి పోతే నేను గూడ మీ పుస్తకాల తీర్గనే అయిపోతక్కా" అంది. ఏడవకుండా అంది.

గదులకేం, కాలనీ నిండా గదులే. తిరిగింది పాపం. ఒకింట్లో "మీ ఆయనేం చేస్తాడమ్మా?" అని అడిగితే "కొడతడు" అని ఉన్నమాట చెప్పేసిందట. తలుపేసేశారు. ఇంకో ఇంట్లో "ఒంటరి ఆడవాళ్ళకివ్వమండి" అన్నారు. ఆవిడ నాకు తెలుసు. చెప్పుతో కొట్టాలని రాసింది ఆవిడే, ఆ చేతిరాత నేను నిద్రలో కూడా గుర్తుపడతాను. పోనీ నేనిద్దామంటే షాపు వెనక మాది ఒకటే గది, అందులో మొగుడూ పిల్లలతో మాకే ఇరుకు.

పిన్నిగారి మేడమీద గది ఖాళీగానే ఉంది. కంప్యూటర్ల వాళ్ళెవరికైనా ఇవ్వాలని ఉంచింది. వెళ్ళి అడిగాను. పిన్నిగారు చీర కొంగు మడతలు పెట్టుకుంది.

"జాలి లేక కాదమ్మా. పుస్తకంలో మొగుడు పుస్తకంలోనే ఉంటాడు. ఈ పిల్ల మొగుడు నా గేటు తడతాడు. నేనొక్కదాన్ని, కళ్ళు కూడా లేవు. నువ్వైతే ఏం చేస్తావో చెప్పు" అంది.

కోపంగా వెళ్ళినదాన్ని తిరిగి షాపులోకొచ్చి కూర్చున్నాను. అబద్ధం చెప్పి ఉంటే నాలుగు దులిపేదాన్ని. నిజం చెప్పింది, ఏమనను?

చదివిపెట్టే పని మాత్రం ఆమెకే అప్పజెప్పాను. మధ్యాహ్నం ఎలాగూ బెంచీ మీదే ఉంటుంది. పదో తరగతి దాకా చదివింది, గొంతు బాగుంటుంది. పిన్నిగారు పడక్కుర్చీలో, ఈమె కింద పీట మీద. నేను షాపులోంచి వింటూ ఉండేదాన్ని. మూడోరోజో నాలుగోరోజో అనుమానం వచ్చింది. ఆ కథలో అమ్మాయి బావిలో దూకాలి, నేను కుట్టిన పుస్తకమే అది. ఈమె చదువుతుంటే ఆ అమ్మాయి బావి దాకా పోయి, చెప్పులేసుకుని, బస్టాండుకి నడిచింది! పిన్నిగారు "అమ్మయ్య" అంది. తర్వాతి కథలోనూ అంతే. విషం తాగాల్సిన మనిషి చాయ్ తాగి డ్యూటీకి పోయింది. పుస్తకంలో ఉన్న భాష వేరు, ఈమె నోట్లోంచి వచ్చేది వేరు. పిన్నిగారికి తెలియకపోవడమేంటి, ఆవిడ ఈ పుస్తకాలు ఎన్నిసార్లు చదివిందో! అయినా ఏమీ అనలేదు. కంటికి మంచిదని ఊరుకుందేమో అనుకున్నాను.

పండగ దగ్గర పడింది. వీధిలో తంగేడు పూలు అమ్మకానికి వచ్చాయి. ఆ రోజు కథలో అమ్మాయి పట్నం వచ్చింది, పని దొరికింది. అక్కడ ఈమె ఆగిపోయింది.

"ఆగావేం? మరి ఆ పిల్ల ఎక్కడుంది? ఇల్లెవరిచ్చారు?" అంది పిన్నిగారు.

ఈమె పేజీ తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది. అన్నీ కల్పించగలిగిన మనిషికి అదొక్కటి చేతకాలేదు.

"ఎవరూ ఇస్తలేరమ్మా" అంది.

పిన్నిగారు నల్లద్దాలు సర్దుకుంది, కుర్చీ పట్టుకుని లేచింది, తడుముకుంటూ గోడకున్న మేకు దగ్గరికి పోయి తాళంచెవి తీసింది. "పైన పంపు సరిగ్గా తిరగదు. గట్టిగా తిప్పితే ఊడొస్తుంది, జాగ్రత్త" అంది. అంతే అంది.

భయపడినట్టే దసరా అయిన వారానికి ఆమె మొగుడు గేటు తట్టాడు. వెంట వాళ్ళన్న. చిన్నమ్మ కొడుకు అడ్రసు చెప్పి ఉంటాడు. ఆమె పైన గదిలో ఉంది, అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. షాపులో పుస్తకాల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళున్నారు. నా చేతికి అట్టలు కోసే కత్తెర తగిలింది గానీ, దాంతో ఏం చేద్దామనుకున్నానో నాకే తెలీదు. పిన్నిగారు అప్పటికే గోడ పట్టుకుని వాకిట్లోకి నడిచింది.

"ఎవరు బాబూ? ఆ పిల్ల కోసమా?" అని ఒక్క క్షణం ఆగింది. "ఇంకెక్కడి పిల్ల నాయనా! జ్వరమొచ్చి పెద్ద దవాఖానలో పోయింది."

పోయిందని ఊరుకుంటుందా! ఎన్ని చావులు చదివింది ఆవిడ! కళ్ళు ఎలా తేలేసిందో, నీళ్ళడిగితే ఎవరు పోశారో, ఆఖరిమాటగా ఎవర్ని తలుచుకుందో అన్నీ చెప్పింది. నాలుగు పుస్తకాల్లోవి నాకు తెలిసిపోతూనే ఉన్నాయి. చెప్తూ చెప్తూ నిజంగానే ఏడ్చేసింది. నల్లద్దాల కింద నుంచి ధారగా కారుతోంది. షాపులో ఇద్దరూ కొంగులు నోటికడ్డం పెట్టుకుని అందుకున్నారు. హవ్వ, నేనూ ఏడ్చాను.

అతను మాత్రం ఏడవలేదు. "దాని కమ్మలేడ బోయినయ్?" అన్నాడు.

పిన్నిగారు ఏడుపు ఆపి, "పో నా ఇంట్లోంచి" అంది. ఆవిడ గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. పోయారు.

ఆమె మెట్లు దిగి వచ్చింది. పైనుంచి అంతా విందట. "ఆఖరికి నన్ను గూడ సంపిండ్రా అమ్మా" అంటూ నవ్వింది. నవ్వుతూనే పిన్నిగారి కళ్ళల్లో మందు చుక్కలు వేసింది. డాక్టరుకి చెప్పొద్దని ఇద్దరూ నాతో ఒట్టు వేయించుకున్నారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. అబద్ధం మెదక్ దాకా పోతుందని మాకెవరికీ తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఒక పెద్దామె వీధిలో రొమ్ము బాదుకుంటూ వచ్చింది. చెప్పుల్లేవు. షాపు మెట్ల మీద కూలబడి, "నా బిడ్డను ఏడ కాలవెట్టిండ్రమ్మా? గా జాగ చూపెట్టుండ్రి, సాలు" అంది. నేను చెప్పబోయాను. వినేలా లేదు. "వద్దే అమ్మా అన్నది, నేనే తోలిచ్చిన, నా చేతులతోనే తోలిచ్చిన" అని తల గోడకేసి కొట్టుకుంటోంది. పిన్నిగారు వచ్చి పట్టుకుంది.

అప్పుడే ఆటో దిగి ఆమె వచ్చింది. నీలం చీర, మెడలో కంపెనీ కార్డు, చేతిలో టిఫిన్ డబ్బా. గేటు దగ్గర ఆగిపోయింది.

తల్లి చూసింది. లేచి పోయి వీపు మీద రెండు చరిచింది, ఆ తర్వాత వాటేసుకుంది, మొహమంతా తడిమింది, వినపడని చెవి కూడా తడిమింది. "వానింటికి పోకు బిడ్డా. ఇగ ఎవ్వలింటికి పోకు. నువ్వు బత్కుంటే సాలు, ఏడనన్న ఉండు. బత్కుంటే సాలు నాకు" అని అదే మాట పదేపదే అంటోంది.

ఆమె టిఫిన్ డబ్బా కింద పెట్టింది. తల్లి కన్నీళ్ళు తన కొంగుతో తుడిచింది.

"గీ మాట నేను సావకముందే అంటే ఏమాయెనే అమ్మా?" అంది.

అన్ని పుస్తకాలు చదివి అంత ఏడ్చినవాళ్ళం అక్కడే ఉన్నాం. పిన్నిగారు తడుముకుంటూ వంగి ఆ టిఫిన్ డబ్బా చేతికి తీసుకుంది.