సాయమ్మ చీర ఆరని చోటు

తొంభైల మొదట్లో, ఒక నవంబరు నెలాఖరున, నన్ను సికింద్రాబాద్‌లోని సౌరశక్తి పథకం కార్యాలయానికి అసిస్టెంట్ ఇంజనీరుగా బదిలీ చేశారు. కార్యాలయం కార్ఖానా ప్రాంతంలో, మూడంతస్తుల అద్దె భవనంలో ఉండేది. నేను మారేడ్‌పల్లిలో ఇల్లు తీసుకున్నాను. కరెంటు స్తంభాలు చేరని పల్లెల్లో పేద కుటుంబాలకు సోలార్ దీపాలు అమర్చడం మా పని. ఇంటికి ఒక ప్యానెల్, ఒక బ్యాటరీ, రెండు ట్యూబులైట్లు. అమర్చడం వరకు బాగానే చేసేవాళ్లం. ఏడాది తిరిగేసరికి చాలా దీపాలు ఆరిపోయేవి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసే దిక్కుండేది కాదు. చిన్న ఫ్యూజు పోయినా మావాళ్లు జీపు వేసుకుని వెళ్లాలి. ఆ జీపుకు డీజిలు మంజూరయ్యేలోపు జనం మళ్లీ కిరోసిన్ బుడ్డి వెలిగించుకునేవారు.

ఆ ఏడాది జాబితాలో మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక గూడెం ఉంది. అరవై ఇళ్లు. దీపాలు ఇచ్చే ముందే ఆ ఊరివాళ్లకే మరమ్మతు నేర్పుదామని ప్రతిపాదన పెట్టాను. మా ప్రాజెక్టు అధికారి నరసింహారావు గారు ఫైలు చదివి, “ఏమ్మా కరుణా, చదువుకున్న మనకే అంతంతమాత్రంగా అర్థమయ్యే సర్క్యూటు వాళ్లకేం అర్థమవుతుంది?” అన్నారు. అయినా సంతకం పెట్టారు. సచివాలయం నుంచి మా శాఖ కార్యదర్శి తనిఖీకి వస్తున్నారు మరి. ఆయనకు చూపించడానికి ఏదో ఒకటి కావాలి. ఆయన మెచ్చితే దీపాలు, శిక్షణ రెండూ మంజూరవుతాయి. మెచ్చకపోతే గూడెం వచ్చే ఏడాది జాబితాలోకి జారిపోతుంది.

తనిఖీలో చూపించడానికి ముందుగా గూడెం నుంచి సాయమ్మ, ఆమె తోటికోడలు బాలమణి శిక్షణకు వచ్చారు. ఇద్దరూ కూలిపని చేసేవాళ్లు, ఇద్దరికీ చదువు రాదు. ఉండటానికి పై అంతస్తులో ఒక గది ఇచ్చాం. ఫ్యూజు మార్చడం ఒక్క రోజులో పట్టుకున్నారు. బ్యాటరీ ఛార్జిని కొలిచే హైడ్రోమీటరు దగ్గర నాకు భయం వేసింది. అది లోపల ఒక బుడ్డి తేలే గాజు గొట్టం. బుడ్డి మీద అంకెలుంటాయి. బుడ్డి పైకి తేలితే బ్యాటరీ నిండినట్టు, మునిగితే ఖాళీ అయినట్టు. సాయమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, “తేలిందా మునిగిందా చూసేటందుకు అంకెలెందుకు మేడం?” అంది. అంకెల పాఠం అక్కడితో ఆపేశాను.

తనిఖీకి నాలుగు రోజుల ముందు కార్యాలయానికి సున్నం వేయించారు. పూలకుండీలు అద్దెకు తెచ్చారు. మేడ పిట్టగోడ మీద, వీధి వైపు, కొత్త బోర్డు నిలబెట్టారు. అందులో పథకం పేరు కన్నా నరసింహారావు గారి పేరు కాస్త పెద్దది.

తనిఖీ రోజు పొద్దున హాల్లో, మేడ మీది ప్యానెల్‌తో నడిచే నమూనా దీపం స్విచ్ వేశాను. ఒక్కసారి మిణుకుమని ఆరిపోయింది. హైడ్రోమీటరు పెడితే బుడ్డి అడుగుకు మునిగింది. తీగలు చూశాను, ఫ్యూజు మార్చాను. ఫలితం లేదు. కార్యదర్శి రావడానికి రెండు గంటలే ఉంది.

నరసింహారావు గారు చెమట తుడుచుకుంటూ, గోడ కరెంటును పన్నెండు వోల్టులకు తగ్గించే ఎలిమినేటర్ పెట్టెను బల్ల కింద దాచి, దీపాన్ని దానికి కలపమన్నారు. కలిపాను. పైన గుడ్డ కప్పుతుంటే బాలమణి వంగి చూసింది.

“మేడం, గిది గోడ కరెంటు గదా? మనది ఎండ కరెంటు అంటిరి?”

“ఈ ఒక్క పూటకే,” అన్నాను. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే.

కార్యదర్శి వచ్చారు. దీపం వెలుగుతోంది. నరసింహారావు గారు చెయ్యి చాపి, “కరెంటు కోత అనేదే ఎరగని వెలుగు సార్ ఇది,” అన్నారు. ఆ క్షణానే కరెంటు పోయింది. పైన ఫ్యాను ఆగింది, కింద సోలార్ దీపం కూడా ఆరింది.

కార్యదర్శి కళ్లజోడు సర్దుకుని, “ఏమండీ, కోత సూర్యుడికి కూడా పెట్టారా?” అన్నారు. నరసింహారావు గారు నా వైపు చూశారు. నేను బల్ల వైపు చూశాను.

సాయమ్మ ముందుకొచ్చింది. “సారూ, దీపం మంచిదే. ప్యానల్‌కు ఎండ తగుల్తలేదు. నాలుగు దినాల సంది నా చీర సుత ఆర్తలేదు.”

ఆమె ఏమంటుందో ఎవరికీ అర్థం కాలేదు. అందరం మేడెక్కాం. ప్యానెల్ పక్కనే దండెం మీద ఆమె చీర తడితడిగా వేలాడుతోంది. చలికాలం ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా వస్తుంది. ఆ దక్షిణాన్నే బోర్డు నిలబడి ఉంది. దాని నీడ చీర మీదా, ప్యానెల్ మీదా పరుచుకుంది. ప్యానెల్‌లోని సెల్స్ ఒకదానికొకటి గొలుసులా కలిపి ఉంటాయి; కొన్నింటి మీద నీడ పడ్డా కరెంటు మొత్తం తగ్గిపోతుంది. నాలుగు రోజులుగా శిక్షణ కోసం దీపం వెలిగిస్తూనే ఉన్నాం, బ్యాటరీ మాత్రం ఛార్జి కాలేదు. ఆ నాలుగు రోజుల్లో నేను మేడ ఎక్కలేదు.

“మరి ముందే చెప్పలేదేం?” అన్నారు కార్యదర్శి.

“మేడం ఇంజనీరు గదా, ఎరుకే ఉంటదనుకున్న. బోర్డు పెద్దసారుదాయె. గందుకే అడ్డమున్నా ఉంచిన్రేమో అనుకున్న.”

ప్యానెల్‌కు కరెంటును కొలిచే అమ్మీటరు కలిపాను. ముల్లు సున్నా దగ్గరే వణుకుతోంది. నరసింహారావు గారు, అటెండరు కలిసి బోర్డును వెనక్కి పడుకోబెట్టారు. ముల్లు రెండు ఆంపియర్లకు లేచింది. “మళ్లీ నిలబెట్టండి,” అన్నారు కార్యదర్శి. ముల్లు పడిపోయింది. “పడుకోబెట్టండి.” లేచింది. ఆయనకు ఇది బాగా నచ్చినట్టుంది. మూడోసారి కూడా చేయించారు. తన పేరును తానే మూడుసార్లు పడుకోబెట్టిన నరసింహారావు గారు ఆయాసంతో పిట్టగోడ మీద కూర్చున్నారు. బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కిందికి వచ్చాక కార్యదర్శి బల్ల కింది గుడ్డ ఎత్తి చూశారు. “ఇది ఎవరు కలిపారు?” నేనే అన్నాను. ఎవరు కలపమన్నారో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

వారం తిరక్కుండా రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి, గూడెంలో దీపాలకూ ఇద్దరు మహిళల శిక్షణకూ మంజూరు ఉత్తర్వు. రెండోది నాకు మెమో, సంజాయిషీ కోరుతూ. జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను, మందలించి వదిలేశారు. నేను ఆ కార్యాలయంలో ఉన్నన్నాళ్లూ గూడెంలో దీపాలు వెలిగాయి. మా జీపు అక్కడికి మరమ్మతు కోసం వెళ్లవలసిన అవసరం రాలేదు.

పరికరం పని చేయనప్పుడు చేయడం లేదని చెప్పడం కూడా ఇంజనీరు ఉద్యోగంలో భాగమే. శిక్షణకు వచ్చినవాళ్లకు ఆ మొదటి రోజే ఇంకో మాట కూడా చెప్పి ఉండాల్సింది: మాకు తెలిసే ఉంటుందని అనుకోవద్దు, కనిపించింది చెప్పండి అని. ఆ తర్వాతి బ్యాచ్ నుంచి నా మొదటి పాఠం అదే. తీగలూ ఫ్యూజులూ రెండో పాఠం.