చంద్రకాంతమ్మ కత్తిరించిన అలమార

చంద్రకాంతమ్మకు పద్దెనిమిదేళ్లప్పుడు అత్తగారింటికి కొత్త కుట్టు మిషను వచ్చింది. కుట్టడం ఎవరూ నేర్పకముందే ఆమె దాన్ని ఊడదీసి చాప మీద పరిచింది. పై దారమూ కింద దారమూ లోపల ఎక్కడ కలుసుకుంటాయో చూడాలనిపించింది, అంతే. సాయంత్రానికి మళ్లీ బిగించింది గానీ ఒక చిన్న స్ప్రింగు మిగిలిపోయింది. అది లేకుండానే ఆ మిషను పదకొండేళ్లు నడిచింది. వడమాలపేటలో ఆమె కుట్టిన రవికె లేని ఇల్లు ఇప్పుడు తక్కువ.

యాభై రెండేళ్లు వచ్చినా ఆ ఆరా తీసే గుణం పోలేదు. భర్త గంగాధరం తిరుమల కొండ బస్సులో కండక్టరు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంట్లో ఏదో ఒక వస్తువు విప్పి ఉండటం ఆయనకు అలవాటే. ఆయన అడిగేది ఒకటే మాట: "రేపటికి బిగిస్తావా?"

ఈసారి విషయం పడకగదిది. పాత రాతి గోడకు పక్కన కొన్నేళ్ల కిందట స్నానాల గది కట్టించినప్పుడు, ఆ రెండింటి మధ్య మూడడుగుల పైచిలుకు వెడల్పున సందు మిగిలింది. లోతు రెండడుగులు. అందులో ఇన్నాళ్లూ ట్రంకు పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఉండేవి. కింది పెట్టెలో చీర కావాలంటే పైవన్నీ దించాలి. ఆ సందులో అలమార కట్టించాలని చంద్రకాంతమ్మ పట్టు పట్టింది. తిరుపతి నుంచి ఒక షాపతను వచ్చి, ఎర్ర లైటుతో గోడలు కొలిచి, ఫోనులో బొమ్మలు చూపించి ధర చెప్పాడు. గంగాధరం ఆ ధర విని, అతనికి మజ్జిగ ఇచ్చి మర్యాదగా పంపేశాడు.

ఆ తర్వాత పిలిచింది పుత్తూరు వడ్రంగి శాంతయ్యను. అరవై దాటినవాడు, చెయ్యి నిదానం, మాట దురుసు.

"పక్కలకు చెక్క దండగమ్మా. మూడు పక్కలా గోడ ఉండాది గదా, అదే పెట్టె. గోడకు సన్న చెక్క రీపులు బిగించి వాటిమీద పలకలు పెడితే చాలు. ఖర్చు సగానికి దిగుతాది," అన్నాడు శాంతయ్య.

ఆ ఆలోచన ఆమెకు నచ్చింది. మర్నాడే పని మొదలైంది. శాంతయ్య సందు ముందు భాగం కొలిచి మొదటి పలక కోసి లోపలికి తోశాడు. అది సాఫీగా పోయింది. కానీ వెనక చివర, రాతి గోడ వైపు, రెండు వేళ్ల ఖాళీ కనిపించింది.

"ఈడ సందెందుకు వచ్చిందన్నా?" అని అడిగింది చంద్రకాంతమ్మ.

"పాత గోడలంతేమ్మా. ఒక బద్ద కొట్టి మూసేస్తాలే."

"మూసేది సరే. ఎందుకు వచ్చిందా అని."

శాంతయ్య వెనక కొలత తీసుకుని రెండో పలక కోశాడు. అది లోపల సరిపోయే పలకే, కానీ సందులోకే దూరలేదు. ముందు ఇరుకు, వెనక వెడల్పు. వాల్చి తోశాడు, నిలబెట్టి తోశాడు. రాతి గోడ మధ్యలో ఉబ్బుకు తగిలి పలక మూల చిట్లింది. శాంతయ్య కొలత టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"వారం పాటు నారాయణవనంలో ఒప్పుకున్న పని ఉండాదమ్మా. వచ్చి సూస్తా," అని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమంతా చంద్రకాంతమ్మ ఆ సందులోనే కూర్చుంది. ఎడమ వైపు రాతి గోడ మీద అరచెయ్యి పెట్టి కింది నుంచి పైకి జరిపింది. మోకాలి ఎత్తున ఉబ్బు, నడుము ఎత్తున లోతు, మళ్లీ భుజం దగ్గర ఉబ్బు. అది రాళ్ల తీరు, అర్థమైంది. కానీ గోడ మొత్తం వెనక్కి పోయేకొద్దీ ఎందుకు తప్పుకుంటోంది? స్నానాల గది గోడ వంకరేమోనని దానికి దారం పట్టి చూసింది. అది కమ్మీలా తిన్నగా ఉంది.

లేచి ఇంటి బయటికి వెళ్లింది. ఆ రాతి గోడ అవతల సన్నని దారి ఉంది. దాన్ని ముప్పై ఏళ్లుగా చూస్తూనే ఉంది. ఆ రోజు మాత్రం మూల దగ్గర నిలబడి, ఒక కన్ను మూసి, గోడ వెంబడి చూసింది. దారి కొద్దిగా వంపు తిరుగుతోంది. గోడ కూడా దానితోపాటే వంగింది.

ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దాయన పరంధామయ్య ఆమెను చూసి, "ఏంది కాంతమ్మా, గోడ పడిపోతా ఉండాదా?" అని అడిగాడు.

"పడేది కాదు పెదనాయనా. ఈ దారి ముందా, మా ఇల్లు ముందా?"

"దారే ముందు! ఈడ చెరుకు బండ్లు తిరగతా ఉండె. బండి తిరిగేదానికి చోటు ఇడిసిపెట్టి కట్టినారు మీ మామ నాయన."

చంద్రకాంతమ్మకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఎప్పుడో పోయిన ఎద్దుబండ్లు తిరిగిన వంపు తన పడకగదిలోకి వచ్చి కూర్చుంది. రాతి గోడ బండికి దారిచ్చింది. కొత్త గోడను మేస్త్రీ దారం పట్టి తిన్నగా కట్టాడు. రెంటికీ పొత్తు కుదరలేదు.

కారణం తెలిశాక ఆమె చెయ్యి ఊరుకోలేదు. టీవీ వచ్చిన అట్టపెట్టె విప్పి, గోడకు ఆనించి, పెన్సిలుతో ఉబ్బు వెంబడే గీసి కత్తిరించింది. ఆనలేదు. ఇంకొంచెం చెక్కింది. చంక దగ్గర రవికె పట్టేస్తే చేసే పనే ఇది. అరలు ఆరు కావాలి కాబట్టి ఆరు ఎత్తుల్లో ఆరు అట్టలు తయారయ్యాయి. ఏ రెండూ ఒకటిలా లేవు. కానీ అట్ట వంగుతుంది కాబట్టి లోపలికి పోయింది, చెక్క ఎలా పోతుంది?

రెండు రోజులు దాని గురించే ఆలోచించింది. మూడో రోజు ఒక పెళ్లికూతురి రవికెకు మెడ కత్తిరిస్తూ ఆగింది. మెడ ఇరుకైతే తల దూరదు. అందుకని వీపు మీద చీల్చి హుక్కులు పెడతాం. కత్తెర పక్కన పెట్టి, లేచి వెళ్లి ఆరు అట్టలనూ నడిమికి రెండేసి ముక్కలుగా కోసేసింది.

శాంతయ్య తిరిగి వచ్చి ఆ అట్టలు చూసి మొహం ముడుచుకున్నాడు. "నలభై ఏండ్లుగా ఈ పని చేస్తా ఉండా. అట్టలు సూసి కొయ్యమంటావా?"

"అన్నీ కొయ్యొద్దులే అన్నా. ఒక్కటి కోసి సూడు. కుదరకపోతే నీ బద్దలే కొట్టుకో."

ఆయన ఒక అట్ట ముక్కలు రెండూ పలక మీద పెట్టి గీసి కోశాడు. ఎడమ ముక్క లోపలికి పోయి, పక్కకు జరిపితే రాతి గోడకు ఆనుకుంది. తర్వాత కుడి ముక్కను తిన్నగా తోశాడు. రెండూ నడిమిన కలిసిన చోట కింద ఇంకో రీపు బిగించాడు. గోడకూ పలకకూ మధ్య పోస్టుకార్డు దూర్చబోయాడు. దూరలేదు. శాంతయ్య కార్డు తిప్పి ఇంకోచోట ప్రయత్నించాడు. అక్కడా దూరలేదు.

"యాడ నేర్చుకున్నావమ్మా ఇది?"

"రవికెల కాడ."

మిగిలిన అయిదూ ఆయన అట్టల ప్రకారమే కోశాడు. బట్టలు తగిలించడానికి అడ్డంగా పైపు బిగించేటప్పుడు, ఎంత ఎత్తున పెట్టాలో ఆమెను అడిగాడు. ఆమె తన పొడుగైన చీర మడత తెచ్చి పట్టుకుని నిలబడింది.

తలుపుల దగ్గర మళ్లీ వాదన జరిగింది. శాంతయ్య ప్లైవుడ్డు అన్నాడు. పక్కన స్నానాల గది, గోడకు చెమ్మ, గాలాడాలని ఆమె పట్టుబట్టింది. చివరికి సన్న చెక్కతో చట్రాలు మాత్రం ఆయన చేశాడు. వాటిలో నారాయణవనం నేత గళ్ల గుడ్డను ఆమె బిగించింది. చట్రాలు తేలికగా ఉండటంతో చిన్న కీళ్లే సరిపోయాయి.

డ్యూటీ దిగి వచ్చిన గంగాధరం తలుపు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. తన ఖాకీ చొక్కాలు వరుసగా వేలాడుతున్నాయి. "అలమారకు రవికె కుట్టినావు గదమ్మే!" అన్నాడు. ఆ రాత్రి భోంచేస్తూ, బండి వంపు సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. తన తాత కట్టిన గోడ గురించి తనకే తెలియలేదని ఆయనకు ఆశ్చర్యం.

ఇది జరిగి ఏడాదిన్నర అయింది. కిందటి వానాకాలంలో చెమ్మ వాసన లేకుండా చీరలు బయటికొచ్చాయి. రెండు అరలు కొంచెం వంగితే శాంతయ్య వచ్చి కింద ఊతం పెట్టి, కూలి తీసుకోకుండా కాఫీ తాగి వెళ్లాడు. వెళ్తూ గడప దగ్గర ఆగాడు.

"పుత్తూరులో ఒక ఇంట్లో మెట్ల కింద అర కట్టమంటా ఉండారమ్మా. మూడు మూలలు, ఏదీ తిన్నగా లేదు. నువ్వొచ్చి అట్టలు కోసిస్తావా? నీ కూలి నీకు."

చంద్రకాంతమ్మ కత్తెర, పెన్సిలు సంచిలో వేసుకుని ఆ గురువారమే పుత్తూరు బస్సెక్కింది. ఆ ఇంటావిడ కాఫీ తెచ్చేలోపే మెట్ల కిందికి దూరి, గోడ మీద అరచెయ్యి పెట్టి జరుపుతూ, "ఈ మెట్లు ఇంటితోపాటు కట్టినారా, తర్వాతనా?" అని అడిగింది.