అయస్కాంతానికి అంటని స్క్రూ

కిరండూల్ రైల్వే క్వార్టర్లలో ఎవరికి జబ్బు చేసినా, చూడ్డానికి వచ్చినవాళ్లు తాము చేసే పనిని బట్టే రోగాన్ని అంచనా వేస్తారు. ఎడమ పాదంలో స్క్రూ వేయించుకుని వచ్చాక ఆ సంగతి నాకు బాగా తెలిసింది.

ఊళ్లోని ఇనుప గనిలో ట్రైనీగా ఎంపికయ్యానన్న కబురు ఇంట్లో చెప్పడానికి రైలు పట్టాల పక్కనుంచి గబగబా వస్తుంటే, కంకర మీద కాలు మడతపడింది. చిటికెన వేలికి వెనక ఉండే పొడవాటి ఎముక విరిగింది. ఆ చోటికి రక్తం సరిగా అందదు కాబట్టి ఒట్టి కట్టుతో అతకడం ఆలస్యమవుతుందట. నేనేమో చేరేముందు వైద్య పరీక్షలో గని బూట్లు తొడుక్కుని కుంటకుండా నడవాలి. అందుకని విశాఖ డాక్టరు ఎముక లోపల పొడవునా ఒక స్క్రూ బిగించి, నెలన్నర పాటు కాలు నేలకు ఆనించొద్దన్నాడు. ఆనిస్తే ఎముక పోతుంది, దాంతోపాటు ఉద్యోగమూ పోతుంది.

పక్క క్వార్టర్ మామయ్యది పట్టాల బోల్టులు బిగించే పని. ఎక్స్‌రే చూసి నిట్టూర్చాడు.

"పట్టా అతుక్కి నాలుగు బోల్టులేస్తాం. నీకు ఒకటేనేటి అల్లుడా? వాషరన్నా లేదు."

మా నాన్నది వ్యాగన్లు తనిఖీ చేసే పని. చక్రాన్ని సుత్తితో తట్టి, మోతను బట్టి పగులుందో లేదో చెబుతాడు. నా పాదానికీ సుత్తి తెచ్చాడు. అమ్మ లాక్కుంది. అప్పుడాయన పాత లౌడ్‌స్పీకరు విప్పి, అందులోని అయస్కాంతాన్ని నా పాదం మీద అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడా పట్టలేదు.

"స్క్రూ లేదురా," అన్నాడు.

నేను వరసగా చెప్పాను. ఒకటి, ఒంట్లో వేసే స్టీలును అయస్కాంతం పట్టదు. రెండు, టైటానియం అయినా పట్టదు. మూడు, ఎక్స్‌రేలో స్క్రూ కనిపిస్తూనే ఉంది.

"ఫొటోలో ఉంటే కాల్లో ఉన్నట్టేటి?" అన్నాడు మామయ్య.

నాది ఒట్టి డిప్లొమా అనీ, తను సర్వీసంతా ఇనుముతోనే గడిపాననీ నాన్న తేల్చేశాడు. మర్నాడే నన్ను విశాఖ రైలెక్కించి, డాక్టరు చేత కాలు మళ్లీ విప్పించి చూడాలని ఇద్దరూ తీర్మానించారు. స్టేషను దాకా మామయ్య తోపుడు బండి కూడా మాట్లాడేశాడు. లోహశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకున్న నేను దిండు మీద కాలు పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

అమ్మ వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి అయస్కాంతానికి ఆనించింది. అంటలేదు.

"మరి ఈ గ్లాసు కూడా లేదేటి?" అంది.

నాన్న గ్లాసు తీసుకుని తనే మళ్లీ ఆనించి చూశాడు. తర్వాత ఇంట్లో గిన్నెలన్నీ పరీక్షించాడు. తను సంతలో కొన్న టిఫిన్ క్యారియరు మాత్రం టక్కున అంటుకుంది. అలా అంటుకునేది చవక రకమని నేను నోరు జారాను. అంతే, డాక్టరు మీది కోపమంతా గిన్నెల వర్తకుడి మీదికి మళ్లింది. మర్నాడు ఆ తోపుడు బండి మీద క్వార్టర్లలోని అంటుకునే గిన్నెలన్నీ సంతకెళ్లాయి. ఆ తగువు నెలన్నర దాటినా తెగలేదు. నా పాదం జోలికి ఎవరూ రాలేదు.

వైద్య పరీక్షలో గని బూట్లు తొడుక్కుని తలుపు నుంచి కిటికీ దాకా, మళ్లీ వెనక్కి కుంటకుండా నడిచాను. గని డాక్టరు సరేనన్నాడు. బయట ఎదురుచూస్తున్న నాన్నకు చెప్పాను. ఆయన నా ముందు గొంతుక్కూర్చుని, జేబులోంచి అయస్కాంతం తీసి ఎడమ బూటుకు ఆనించాడు. టక్కున పట్టింది. గని బూటు ముక్కులో వేళ్ల రక్షణకు ఇనుప రేకు ఉంటుంది. ఆ మాట చెప్పబోయి ఊరుకున్నాను.

"ఉందిరా," అన్నాడు నాన్న. "ఇంక పన్లో చేరు."