గోనెసంచి మీద ఇటుకలు

నా చిన్నప్పుడు అశోక్‌నగర్‌లో మా పక్కింటి అక్క పెరట్లో వానపాములను పెంచేది. చిక్కడపల్లి మార్కెట్లో పారేసిన కూరగాయలు, ముషీరాబాద్‌లో అట్టపెట్టెలు చేసే కార్ఖానా నుంచి వచ్చిన ముక్కలు, మాగిన పేడ కలిపి సిమెంటు తొట్టిలో వేస్తే అవి తిని టీపొడిలాంటి ఎరువు చేసేవి. ఊళ్లో అక్క వాళ్ల అన్న పొలం ఏటేటా గట్టిపడిపోతోంది. ఆయన పత్తికట్టె నరికి ఎరువు గుంత నింపుకుని ఈ వానపాముల కోసమే ఎదురుచూస్తున్నాడు. ఆదివారం వచ్చి తీసుకుపోవాలి.

ఆ వారం అక్క నాలుగు రోజులు అత్తగారి ఊరికి వెళ్తూ తొట్టిని నాకు అప్పగించింది. పైన కప్పిన గోనెసంచి తడి ఆరకుండా చూడడమే నా పని. నాకు అది చాలలేదు. ఆమె వచ్చేసరికి వాటిని బాగా మేపి మెప్పు పొందాలనిపించింది. దోమలగూడలో బర్రెల కొట్టం నుంచి రెండు బకెట్ల పచ్చిపేడ మోసుకొచ్చి తొట్టి నిండా పోశాను. పచ్చిపేడ పదిహేను రోజులు బయట ఉండి వేడి తగ్గాలని అక్క చెప్పే ఉంది. అదంతా చాదస్తం అనుకున్నాను.

మర్నాడు వానపాములు గుంపులుగా తొట్టి అంచు మీదికి పాకి వస్తున్నాయి. పారిపోతే అక్కకు ఏం చెప్పాలని భయం పట్టుకుంది. ఒక్కొక్కటే ఏరి లోపల వేసి, సంచి కప్పి, చుట్టూ ఇటుకలు పేర్చాను. ఎంత జాగ్రత్తగా చూసుకున్నానో అని గర్వం కూడా.

అక్క వచ్చేసరికి పెరడంతా చచ్చిన వానపాముల కుళ్లు వాసన. నేనేం చేయలేదన్నాను. ఆమె తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని పేడలోకి మణికట్టు దాకా పెట్టింది. చురుక్కుమని వెనక్కి లాక్కున్నాను.

"ఎందుకు గుంజుకున్నవ్?"

"కాలుతోంది అక్కా."

"అవి గూడ గందుకే బయటికొచ్చినయ్. మరి ఇటుకలెందుకు పెట్టినవ్?"

ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేశాను.

ఆదివారం వాళ్ల అన్న ఖాళీ బుట్టతో వెనక్కి వెళ్లాడు. "నేనే సరిగ చూస్కోలే అన్నా" అని అక్క తప్పు తన మీద వేసుకుంది. గోడ పక్కన నిలబడ్డ నేను మెల్లగా చాటుకు జరిగాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

మొన్న మా అమ్మాయి హాస్టల్ నుంచి చెప్పాపెట్టకుండా బట్టలు సర్దుకుని వచ్చేసింది. నచ్చజెప్పి మళ్లీ దింపి రమ్మని ఇంటిల్లిపాదీ నా మీద పడ్డారు. నేను దాని సంచి లోపల పెట్టి, అన్నం వడ్డించి, ఆ హాస్టల్ గది ఎలా ఉందో చూడడానికి ఒక్కదాన్నే బస్సెక్కాను.