అడగకుండా ఇచ్చే తాంబూలం

గణపతిరావు ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో తెల్లవారడమంటే పేపరు చదవడమే. అరుగు మీద స్తంభానికి వీపు ఆనించి, కళ్లద్దాలు ముక్కు మీదకి జార్చుకుని, వీధిలో పోయేవాళ్లకి కూడా వినబడేలా చదివేవాడు. వంటింట్లో భార్య ధనలక్ష్మి ఉల్లిపాయలు తరుగుతూ వినేది. ఆమె బడికి వెళ్లింది మూడో తరగతి దాకానే. ఆ తరవాత తెలిసిందంతా ఆ గొంతులోంచి తెలిసిందే.

ఉత్తినే చదివి ఊరుకునే మనిషి కాదాయన. ప్రతి వార్తకీ ఒక తీర్పు చెప్పాల్సిందే.

"నిన్నటిదాకా ఇద్దరు పిల్లలే ముద్దన్నారు. ఈయేళ ఇంకొకర్ని కనమంటన్నారు. పిల్లల్ని కూడా పేపర్లో సూసి కనాలేటే?"

"నాకేటి తెలుసు? ఆ వయసు దాటీసినాం కదా, నీకెందుకు బెంగ?" అనేది ఆమె లోపలినుంచి. అరుగు మీదున్నవాళ్లు ఘొల్లుమనేవారు.

దేశమంతటికీ ఒక్కసారే ఎన్నికలు పెట్టెయ్యాలనేవాడు. దేవుడి హుండీ జోలికి ప్రభుత్వం రాకూడదనేవాడు. భోగాపురం విమానాశ్రయం సంగతి వస్తే మాత్రం గొంతు కాస్త తగ్గేది. "విమానం రావాల, దేశం ఎదగాల. కాదనను. గానీ భూమి ఇచ్చినోడు మన పక్కకొచ్చి ఇల్లు కట్టుకుంటే, పరాయోడిలాగ సూడకండిరా" అనేవాడు. ఆడవాళ్లకి బస్సు ఉచితమైన రోజున పొద్దుటినుంచీ గొణిగాడు. ఆమె అదేమీ పట్టించుకోకుండా కొత్తవలసలో ఉన్న కూతురు అనితని చూడ్డానికి బయల్దేరింది. పోనూ రానూ నిలబడే ప్రయాణం చేసి, సాయంత్రం కాళ్లు పట్టుకుని గుమ్మంలో కూలబడింది.

"ఏటే, కూకోడానికి సీటు ఉచితంగా ఇవ్వనేదా?" అన్నాడు. ఆమెకి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ రాత్రి కాళ్లకి కొబ్బరినూనె రాసింది మాత్రం ఆయనే.

ఊడుపుల్లో పొలం గట్టు మీద గుండె పట్టుకుని కూలిపోయి, అక్కడే పోయాడు. ఇప్పుడా ఇంటికి పేపరు రాదు. కుర్రాడు తెచ్చి పడేస్తుంటే రెండు వారాలు చూసి, ఆమే మాన్పించేసింది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, వీధి తలుపు దగ్గరగా వేసి, ఆ తలుపు వెనక కూచుంటుంది. దేశంలో ఏం జరుగుతోందో ఆమెకిప్పుడు తెలీదు. తెలుసుకోవాలనీ లేదు.

ఆయన నమ్మకాల్లో ఆమె మనసారా ఒప్పుకున్నది ఒకటుంది. సర్పంచ్ పదవికి ఊళ్లో ఓట్లు పడకూడదు. పార్టీ గుర్తుల్లేని ఎన్నికన్న మాటే గానీ, రెండు పార్టీలవాళ్లూ వెనక నుంచి ఎగదోస్తారని అందరికీ తెలుసు. ఆమె పుట్టినూరు నెల్లిమర్ల దగ్గర. అక్కడ ఒక్క ఎన్నికతో ఊరు రెండయింది. అన్న చనిపోతే తమ్ముడు పాడె పట్టడానికి రాలేదు. ఆమె చిన్నప్పుడు కళ్లారా చూసిన సంగతది.

అందుకే ఈ ఊళ్లో తాంబూలం పద్ధతి నడిచేది. పెద్దలు ఒక పేరు అనుకున్నాక గణపతిరావు ఇంటింటికీ వెళ్లి అరుగు మీద మగవాళ్లని అడిగేవాడు. ధనలక్ష్మి పెరటి దారిన వెళ్లి ఆడవాళ్లని అడిగేది. వీధిలో సరేనన్నది పెరట్లో కాదంటే అది సరే కాదని ఆయన లెక్క. అన్ని ఇళ్లూ ఊఁ అన్నాకే అమ్మవారి కోవెల ముందు ఆ మనిషి చేతిలో తాంబూలం పెట్టేవారు. ఒకసారి ఆమె పెరళ్లు తిరిగొచ్చి తల అడ్డంగా ఊపితే, కట్టిన తాంబూలం విప్పేసి, మొదటినుంచీ మళ్లీ మాట్లాడారు. ఆయన పేరు అందరికీ తెలుసు. పెరళ్లు తిరిగిందెవరో ఎవరికీ పట్టలేదు. ఆమెకీ పట్టలేదు.

ఈసారి సర్పంచ్ సీటు ఆడవాళ్లకి వచ్చింది. ఒక మధ్యాహ్నం మరిది తిరుమలరావు వచ్చి, మంచం మీద కూచుని, కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"వొదినా, మాటయిపోయింది. నీ పేరు ఖాయం సేసీసినాం."

"నా పేరేటి తిరుమలా? ఏడాది తిరగనేదు, గుమ్మం దిగనేను."

"నువ్వు దిగక్కర్నేదు. సంతకం ఎడితే సాలు. తిరగడానికి నానున్నాను కదా. మా ఇంటిది సుహాసిని ఓటు ఇజీనారంలో ఉండిపోయింది, నేకపోతే దాన్నే ఎట్టీసేవోణ్ణి. అయినా అన్నయ్య పేరు సెప్తే ఊళ్లో ఎవుడు కాదంటాడు?"

"కాలనీలో అడిగినారా?"

విమానాశ్రయానికి భూములిచ్చి, ఊరి చివర ఇళ్లు కట్టుకున్నవాళ్లది ఆ కాలనీ.

"ఆళ్లనేటి అడిగేది? మొన్నొచ్చినోళ్లు. ఆ యమున పోటీ సేస్తానని ఫోన్లో వీడియోలు ఎడతంది. రెండ్రోజులు అరిసి ఊరుకుంటాది."

అతను వెళ్లిపోయాడు. సంవత్సరీకం కాకుండా పరాయి గడప తొక్కకూడదు. కానీ పెరటి దారిన నడవకూడదని ఎవరూ అనలేదు. ఎండ చల్లబడ్డాక జీడితోట పక్కనుంచి కాలనీకి వెళ్లి, యమున ఇంటి గేటు బయట నిలబడింది.

"పెద్దమ్మా, నోనికి రండి" అంది యమున, చేతిలో ఫోను చంకన పెట్టుకుని.

"రాకూడదమ్మా. ఇక్కడే బాగుంది."

యమున చెంబుతో మంచినీళ్లు తెచ్చి గేటు మీదుగా అందించింది. నైటీ మీద తువ్వాలు వేసుకుంది. ధనలక్ష్మికి ఆ వాలకం నచ్చలేదు. ఆ గట్టి గొంతూ నచ్చలేదు.

"నువ్వు నిలబడతన్నావంట."

"మీ మీదేనంట కదా." యమున నవ్వింది, కానీ కళ్లు నవ్వలేదు. "మీరంటే కోపమేటి నేదు పెద్దమ్మా. మా ఊళ్లో భూమి కొలిసినప్పుడు మమ్మల్ని అడిగినారు, ఇష్టమున్నా నేకపోయినా సంతకమైనా ఎట్టించుకున్నారు. ఇక్కడ పేరు సెప్పడానికి కూడా ఎవులూ రానేదు. వచ్చి అడిగుంటే మా మావ ఒప్పుకునీవోడే. నానూ ఊరుకుందును."

"ఇప్పుడు నాను అడిగితే?"

"మీ పేరుకి మీరే అడిగితే ఎలగ?"

నిజమే. ధనలక్ష్మి చెంబు తిరిగిచ్చేసి వచ్చేసింది. దారిలో ఆమెకి యమున మీద కోపం రాలేదు, మరిది మీదా రాలేదు. ఒళ్లంతా అలసటగా ఉంది. ఆయనుంటే తిట్టి, నవ్వించి, నాలుగిళ్లు తిరిగి సర్దేసేవాడు. ఇప్పుడు ఎవరు తిరుగుతారు?

మర్నాడు పొద్దున్నే తిరుమలరావు అరటినార కట్టిన తమలపాకుల మోపు, వక్కలు, ఇత్తడి పళ్లెం తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు.

"కోవెల కాడికి అందరూ వస్తన్నారు. పళ్లెం సర్దీ వొదినా. మనింటోళ్ల సేతుల మీదుగా ఎల్లాల కదా."

"నా సెయ్యి పనికిరాదు కదా" అంది ఆమె మెల్లగా. "పెద్దకర్మ నాడు పసుపు గిన్నె ముట్టుకుంటే నువ్వే లాక్కున్నావు. నిన్ను అననేదు, ఆచారమని నానూ ఊరుకున్నాను."

"అదప్పుడు. రోజులు మారినాయి వొదినా."

"నీకు పనుంటే మారతాయి, నేకపోతే మారవు. ఆచారమంటే అలగుంటాదా?"

తిరుమలరావు మొహం ఎర్రబడింది. "నీకోసం కాదేటి ఇదంతా? అన్నయ్య పరువు కోసం."

"మీ అన్నయ్య అడక్కుండా ఎవులికీ ఇవ్వనేదు. ఇంకా పొద్దుంది, కాలనీకి ఎల్లు. గడప గడపా అడుగు. పెరళ్లకి నీ సుహాసినిని రమ్మను. అందరూ ఊఁ అంటే ఎవులి పేరైనా సెప్పు, నాకు సంతోషం. నా పేరు ఒద్దు. సంతకం నాదీ, ఊరు నీదీ... నాకా సదువు నేదు."

"ఆళ్ల గుమ్మాలు నాను తొక్కాలా?" అతను లేచి నిలబడ్డాడు. "సరే, ఓట్లే పడనీ. అన్నయ్య ఇన్నేళ్లు ఒక్కటిగా ఉంచిన ఊరు నీ సేతుల మీదుగా రెండైపోద్ది. అప్పుడు సూసుకో."

ఆ మాట ఆమె గుండెలో దిగబడింది. అతను చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

తప్పు చేశానేమోనని అనుకుంది. నెల్లిమర్ల దగ్గర చూసిన ఆ పాడె కళ్లముందుకొచ్చింది. ఓటు మంచిదని ఆమె ఇప్పటికీ అనుకోవడం లేదు. కానీ సగం ఊరి నోరు నొక్కి, అదే ఊరి ఒక్కమాట అని చెప్పే తాంబూలం ఆయన ఇంట్లోంచి వెళ్లకూడదు. ఈ రెండు మాటలూ కలవవు. కలపగలిగినవాడు లేడు.

ఎండ పెరట్లోకి వచ్చింది. కోవెల దగ్గర మైకు గరగరమంది. పక్కింటి కూర్మమ్మ గోడ మీంచి తొంగిచూసింది.

"ఓలమ్మ, ధనలక్ష్మీ! పళ్లెం కోసం అక్కడ ఎదురుసూస్తన్నారంట. సర్దేసినావేటి?"

"నేదప్పా."

"ఆకులు కడిగి తొడిమలు తుంచడానికి ఎంతసేపు? నాను రానా?"

"ఒద్దు. ఉండనీ."

కూర్మమ్మ ఆమె మొహం చూసి గోడ దిగిపోయింది. ధనలక్ష్మి వంటింటి గడప మీద కూచుని మోకాళ్లు చేతుల్లోకి తీసుకుంది. గట్టు మీద మోపుకి కట్టిన అరటినార కట్టినట్టే ఉంది. పైనున్న ఆకులు వేడికి అంచులు ముడుచుకుంటున్నాయి. కాసిని నీళ్లు చల్లితే నిలుస్తాయని ఆమెకి తెలుసు. బిందె చేతికందే దూరంలోనే ఉంది. లేవలేదు.